నలభై ఒకటో స్లైడు

పోయిన వారం జగన్‌మోహన్ సారును చీకటి గదిలో, పిల్లల నవ్వుల మధ్య వదిలి వచ్చాం. జహీరాబాదు డిగ్రీ కాలేజీలో ఆయన జువాలజీ లెక్చరరు. కిటికీలకు గొంగళ్లు కట్టి, సున్నం కొట్టిన గోడ మీద స్లైడు బొమ్మలు వేసి పాఠం చెప్పడం ఈ చుట్టుపక్కల తనతోనే మొదలైందని ఆయనకు లోలోపల కొంచెం గర్వం. కొంచెమేమిటి, బాగానే గర్వం. ఆ శుక్రవారం నలభై ఒకటో స్లైడు పడింది. జొన్నరొట్టె తప్ప మరొకటి దొరకని కరువు రోజుల్లో వచ్చే పెల్లాగ్రా అనే చర్మరోగం, ఒక పల్లెటూరి స్త్రీ మెడ మీదా చేతుల మీదా. బొమ్మ గోడ మీద నిలిచిందో లేదో, ఆడపిల్లల బెంచీలోంచి భాగీరథి లేచి, నోటికి ఓణీ అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. “రోగం బొమ్మ చూసే ఉరికితే, రేపు రోగులనేం చూస్తవమ్మా!” అని సారు వెనక నుంచి ఒక మాట విసిరాడు. క్లాసంతా గొల్లుమంది. సాయంత్రం అడ్మిషను రిజిస్టరు తెప్పించి, ఆ పిల్ల పేరు ఎదురుగా ఊరి పేరు చూసుకున్నాక మాత్రం ఆయన మొహాన నవ్వు నిలవలేదు. న్యాల్‌కల్ దగ్గరి పల్లె. రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఆ రోగానికి గోలీలు పంచుతూ తాను కెమెరా వేసుకుని తిరిగిన పల్లె.

వారం రోజులుగా భాగీరథి కాలేజీకి రాలేదు. ఈ వారం రోజులూ జగన్‌మోహన్ తేలు కుట్టిన దొంగలాగే తిరిగాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక్కడే కూర్చుని టిఫిను డబ్బా మూత తీస్తుంటే గుమ్మం దగ్గర అలికిడైంది. ముందు ఒక నడివయసు రైతు, తలకు తెల్ల రుమాలు. ఆయన వెనక ఒక స్త్రీ. ఆమె వెనక గోడకు ఆనుకుని భాగీరథి.

“నమస్తే సార్. నా పేరు సిద్దప్ప. గీ పిల్ల నా బిడ్డ.”

జగన్‌మోహన్ లేచి నిలబడ్డాడు. ఆయన చూపు సిద్దప్ప భుజం మీదుగా పోయి వెనకనున్న ఆమె మీద ఆగింది. మహాదేవమ్మ. గోడ మీద అన్నిసార్లు నిలువెత్తున చూసిన మొహం కదా, ఎట్లా మరిచిపోతాడు! ఒంటి మీద మచ్చ లేదు. చర్మం నున్నగా, ఆరోగ్యంగా ఉంది. కొంగు కింద ఇష్టలింగం ఉంచే వెండి లింగకాయ, దాన్ని కట్టుకునే శివదారం మెడ చుట్టూ శుభ్రంగా కనబడుతున్నాయి. ఆమె ఒక్కసారి తలెత్తి ఆయన కళ్లలోకి చూసింది. చూసి దించుకుంది.

“కూసోన్రి, కూసోన్రి,” అంటూ కుర్చీలు జరిపాడు. ఎవరూ కూర్చోలేదు. తిట్లకు ఆయన సిద్ధపడే ఉన్నాడు. సమాధానాలు కూడా వారం నుంచి వల్లె వేసి పెట్టుకున్నాడు. పేరు చెప్పలేదనీ, ఊరు చెప్పలేదనీ, విద్య కోసం చేసిన పనే తప్ప ఎవరినీ కించపరచాలని కాదనీ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎదుటివాడు నోరు తెరవకముందే తానే మొదలుపెట్టాడు.

“సిద్దప్పా, రోగం సంగతి అందరి ముందర పెట్టినందుకు మీకు బాధయ్యి ఉంటది. నేను పేరు గిట్ల ఏం చెప్పలే...”

“రోగానికేంది సార్?” సిద్దప్ప నిజంగానే ఆశ్చర్యపోయాడు. “కరువుల వచ్చింది. మీరిచ్చిన గోలీలతోని పోయింది. నా ఇంటిదాన్ని బతికిచ్చిన్రని మీ పేరు చెప్పుకోని దీపం వెట్టినం. రోగానికి మాకేం సిగ్గు లేదు.”

జగన్‌మోహన్ వల్లె వేసిన సమాధానాల్లో ఒక్కటీ దీనికి పనికిరాదు. రోగం కాకపోతే మరేమిటి? తెలియనట్టు ముఖం పెట్టాడు. కానీ అదేమిటో ఆయనకు తెలుసు.

సిద్దప్ప గొంతు తగ్గించాడు. “మా ఊరి మల్లప్ప కొడుకు మీ కాడనే సదువుతడు. గాడు ఇంటికొచ్చి చెప్పిండు. గోడ మీద మహాదేవమ్మ బొమ్మ ఏసిన్రు, మెడల లింగం లేదు అని. ఊరంతా ఎరకైంది. మేము లింగం కట్టుకున్నోళ్లం సార్. పుట్టిన్నాడు కడ్తరు, పోయిన్నాడు గూడ దాంతోనే పోతం. ఒంటి మీదికెళ్లి దిగిందంటే మాకు పాణం దిగినట్టే. మొన్న మల్లప్ప ఇంట్ల తొట్టెల పండుగ ఉండె. పంక్తిల కూసున్నదాన్ని లేపిన్రు. విస్తరి ముందర కూసున్నదాన్ని!”

మహాదేవమ్మ కొంగు నోటికి నొక్కుకుంది. భాగీరథి గోడ వైపు తిరిగింది.

ఇప్పుడు అర్థమైందా సారూ, ఆ పిల్ల ఎందుకు పరుగెత్తిందో? తల్లి మెడ మీది మచ్చలు చూసి కాదు. ఆ మెడ బోసిగా ఉండడం చూసి. వాళ్ల ఊరి పిల్లలు పక్క బెంచీలోనే కూర్చుని చూస్తుండగా చూసి. దాని మీద తాను వేసిన జోకు గుర్తొచ్చి జగన్‌మోహన్‌కు చెవుల దాకా వేడెక్కింది.

“నా ఇంటిదాన్ని అడిగిన,” సిద్దప్ప చెబుతున్నాడు. “తియ్యలే అన్నది. దారం ఎనుకకు జరిగి ఉంటది, ఫోటువల వడకపోయి ఉంటది అన్నది. ఇరవై ఏండ్ల సంసారం సార్, నాతోని ఒక్క అబద్ధమాడలే. నేను నమ్మిన. ఊరు నమ్మాలె కద? మా అయ్యగారు జంగమయ్య ఏమన్నడంటే, నువ్వు బొమ్మ కండ్ల జూసి, లింగం చేతిల పట్టుకోని, దోషం జరగలేదని నలుగుర్ల ప్రమాణం చెయ్యి, మాటిడిసి పెడ్తం అన్నడు. సోమారం చెయ్యాలె. అందుకే వచ్చిన. మీరు జర గా బొమ్మ నాకు చూపెట్టున్రి.”

తెలియక చేసిన తప్పయితే సగం సిగ్గు తగ్గేది. జగన్‌మోహన్‌కు ఆ వసతి కూడా లేదు. ఆయనది రాయికోడ్. పక్కిల్లు శరణప్ప తాతది. ఆ తాత స్నానం చేసి, లింగపూజ అయ్యేదాకా మంచినీళ్లయినా ముట్టకపోవడం చిన్నప్పటి నుంచీ చూసి పెరిగినవాడే. అన్నీ తెలిసే, ఆ మధ్యాహ్నం వాకిట్లో ఆమెను నిలబెట్టి, “అది జర తియ్యమ్మా, అడ్డమొస్తుంది,” అన్నాడు. మెడ చుట్టూ హారంలా పడ్డ మచ్చ సరిగ్గా లింగకాయ కిందనే ఉంది మరి. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే బొమ్మ రావాలని ఆయన ఆశ. కెమెరాలో రెండే బొమ్మలు మిగిలాయి, బయట జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు.

మహాదేవమ్మ మళ్లీ తలెత్తింది. ఈసారి చూపు దించలేదు. ఆ చూపులో తిట్టు లేదు, ఉంటే బాగుండేది. కాపాడు సారూ అని మాత్రమే ఉంది.

“ఆమె చెప్పింది నిజమే సిద్దప్పా,” అన్నాడు జగన్‌మోహన్. “దారం ఎనకకు జరిపింది. ఫోటోల పడలే.”

సిద్దప్ప మొహం వికసించింది. రెండు చేతులూ జోడించాడు. “గంతే కద సార్! నేను చెప్తనే ఉన్న.”

సిగ్గుపడవలసిన చోట ఆయనకు ముందు కలిగింది ఏమిటో తెలుసా? ఊరట. గండం గడిచిందనుకుని, టిఫిను డబ్బా వైపు కూడా ఒకసారి చూశాడు. అలా చూసినందుకు తర్వాత చాలా కాలం తనను తాను క్షమించుకోలేకపోయాడు.

“అయితే ఒక్కసారి చూపెట్టున్రి, పోత,” అన్నాడు సిద్దప్ప.

“చూసుడెందుకు? నా మాట చాలదా?”

“మీ మాట నాకు చాలు సార్. ప్రమాణానికి చాలదు. కండ్లతోని చూడనిది చూసిన అని లింగం మీద ఎట్ల ఒట్టు వెడ్త?”

“అది... ఇక్కడ లేదు. హైదరాబాదు పంపిన.”

“ఏడికి పంపిన్రు సార్?” గుమ్మంలోంచి ఇస్సాకు గొంతు. ప్రొజెక్టరు బాధ్యతంతా చూసే అటెండరు ఇస్సాకు, స్లైడు పెట్టెను సొంత ట్రంకు పెట్టె కంటే భద్రంగా చూసుకునే మనిషి. సారుకు జ్ఞాపకం చెడిందేమోనని పాపం కంగారుపడ్డాడు. “పొద్దుగాలనే తుడిచి పెట్టిన గద. నలభై ఒకటి నంబరు, పెట్టెలనే ఉన్నది. అన్నిట్ల అదే మంచిగొచ్చింది.”

జగన్‌మోహన్ టిఫిను డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు. భాగీరథి ఇటు తిరిగి ఆయన మొహంలోకి చూసింది. గోడ మీది ప్రతి బొమ్మ కిందా ఆయన చెప్పిన ప్రతి మాటనూ నోట్సులో రాసుకున్న పిల్ల అది. ఆ పిల్ల ఇప్పుడు ఆయన అబద్ధాన్ని కూడా అంతే శ్రద్ధగా చూస్తోంది.

స్లైడు గదికి పోయారు. సిద్దప్ప గుడికి వచ్చినట్టు చెప్పులు బయట విడిచాడు. వద్దని ఎవరూ అనలేదు. ఇస్సాకు కిటికీల మీద గొంగళ్లు దించి, మూలలు మేకులకు తగిలించాడు. గది చీకటయింది, ఉన్ని వాసన నిండింది. మహాదేవమ్మ అందరికంటే చివర వచ్చి, తలుపు పక్కన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

“నేను నడిపిస్త, నువ్వు అవతల ఉండు,” అని ఇస్సాకును పక్కకు పంపి జగన్‌మోహన్ యంత్రం దగ్గర నిలబడ్డాడు. చేతిలో అట్ట చట్రం బిగించిన స్లైడు. బొటనవేలంత బొమ్మ. బొంబాయి నుంచి కడిగి వచ్చిన రోజు దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి ఎంత మురిసిపోయాడు! ఇప్పుడు ఆయన ఆలోచన ఒక్కటే. యంత్రంలో చల్లార్చే ఫ్యాను స్విచ్చి వేరు, బల్బు స్విచ్చి వేరు. ఫ్యాను వేయకుండా బల్బు వేస్తే చాలు. రెండు నిమిషాల్లో బొమ్మ బుడగలెత్తి, ముడుచుకుని, గోధుమ రంగు మరకగా మిగులుతుంది. ప్రమాదం అనుకుంటారు. ఆ సంగతి తనకూ ఇస్సాకుకూ తప్ప ఈ గదిలో ఎవరికీ తెలియదు. కానీ బొమ్మ కాలితే ఏమవుతుంది? చూడని బొమ్మ మీద సిద్దప్ప ఒట్టు వేయడు. తనదే తప్పనుకుని మహాదేవమ్మ ఆ మాట మోస్తూనే ఉంటుంది, పంక్తుల్లోంచి లేస్తూనే ఉంటుంది. తాను మాత్రం రేపు ఇక్కడే నిలబడి మరో స్లైడు పాఠం చెబుతాడు.

ఫ్యాను గుర్రుమని తిరగడం మొదలైంది. తానే వేశాడు.

బల్బు వెలిగింది. సున్నపు గోడ మీద మహాదేవమ్మ నిలబడింది, మనిషికి రెండింతల ఎత్తు. ఎండకు చిట్లించిన కళ్లు. రెండు చేతులూ ముందుకు చాపి, మచ్చలు కనబడేలా అరచేతులు కిందికి తిప్పి. మెడ బోసిగా.

సిద్దప్ప గోడ దగ్గరికి నడిచాడు. ఆయన నీడ భార్య ఒంటి మీద పడింది. పక్కకు జరిగి, వేలితో ఆ మెడ చుట్టూ నెమ్మదిగా తడిమాడు. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, మళ్లీ ఆ భుజం నుంచి ఈ భుజం దాకా. వేలికి సున్నం అంటుకుంది.

“దారం ఏది?” అన్నాడు గోడనే చూస్తూ. వెనక్కి తిరిగాడు. “మహాదేవీ... దారం ఎనుకకు జరిపిన అంటివి. ఎనుకకు జరిపినా మెడ పొంటి కానరావాలె గద. నాతోని అబద్ధం చెప్పినవా?”

కోపం కాదది. కోపమైతే జగన్‌మోహన్ తట్టుకునేవాడు. ఇరవై ఏళ్ల నమ్మకం ఒక గోడ ముందు నిలబడి దారి అడుగుతున్నట్టుంది. మహాదేవమ్మ మోకాళ్లలో తల దాచుకుంది.

“ఆమె తప్పు లేదు,” అన్నాడు జగన్‌మోహన్. మొదటి మాట బయటికి వచ్చాక తక్కినవి వాటంతటవే వచ్చాయి. “తియ్యమన్నది నేనే సిద్దప్పా. తియ్యను సారూ అన్నది. రెండుసార్లు అన్నది. మీ గోలీలు వద్దు, నన్ను ఇడిసిపెట్టున్రి అన్నది. గోలీల సీసా అప్పటికింకా నా చేతిలనే ఉన్నది. ఈ ఫోటోతోని పదిమంది బతుకుతరని చెప్పి, సీసా చూపెట్టుకుంటనే అడిగిన. తీసింది. ఇందాక నీకు చెప్పింది కూడ అబద్ధమే. నాకు మీ ఆచారం తెలువక కాదు. తెలిసే చేసిన.”

చీకట్లో మొహాలు కనబడకపోవడం ఒక్కటే ఆయనకు మిగిలిన మేలు. ఇస్సాకు ఎందుకో నెత్తి మీది టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

“మూడు పొద్దులు ఉపాసమున్న,” మోకాళ్లలోంచి మహాదేవమ్మ గొంతు వినిపించింది. “తల మీద నీళ్లు పోసుకున్న. ఎవ్వరికి చెప్పలే. నువ్వు సంతల ఉంటివి. వచ్చినంక చెప్దామనుకున్న, నీ మొఖం జూసి నోరు రాలే.”

సిద్దప్ప రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. బెంచీ మీద కూలబడ్డాడు. జగన్‌మోహన్ దెబ్బ కోసం ఎదురు చూశాడు, కనీసం తిట్టు కోసమైనా. సిద్దప్ప ఆలోచిస్తున్నాడు. చిక్కుపడ్డ పగ్గాన్ని పొలం గట్టున కూర్చుని ఓపికగా విప్పే రైతులా, కొస వెతుక్కుంటున్నాడు.

“సార్,” అన్నాడు చివరికి, గొంతులో చిన్న ఆశతో. “పూజకు మేము గూడ రోజు తీస్తం. తీసి ఎడమ చేతిల పట్టుకుంటం. అరచెయ్యి గూడ లింగానికి పీఠమే. మెడలకెళ్లి తీసినంక చేతిల ఉంటే దోషం లేదు. కింద వెట్టొద్దు, గంతే. తీసి చేతిల పట్టుకున్నదని చెప్తే జంగమయ్య గూడ కాదనడు. చేతిలనే పట్టుకున్నది కదా?”

జగన్‌మోహన్ నోరు తెరిచాడు. ఆలోపే సిద్దప్ప చూపు గోడ మీదికి పోయింది. అందరి చూపులూ పోయాయి. ముందుకు చాచిన రెండు చేతులు. విప్పిన పది వేళ్లు. ఎడమ చేతిలోనూ ఏమీ లేదు, కుడి చేతిలోనూ ఏమీ లేదు. మచ్చలు స్పష్టంగా రావాలని చేతులు చాపమన్నదీ తానే.

“మరి లింగం ఏడ ఉండె?” అన్నాడు సిద్దప్ప.

అది జగన్‌మోహన్‌కు ఆ క్షణందాకా గుర్తులేదు. గుర్తు పెట్టుకోవలసిన సంగతిగా ఆనాడు తోచనే లేదు. ఇప్పుడు మాత్రం కళ్లకు కట్టింది. ఆమె చేతుల్లోంచి లింగకాయ తానే అందుకుని, పెట్టడానికి చోటు కోసం అటూ ఇటూ చూసి, కాళ్ల దగ్గర నేల మీదున్న కెమెరా సంచి మీద పెట్టాడు. తోలు సంచి. పక్కనే తన బూట్లు. శివదారం కొస ఒకటి బూటు మీదికి జారితే, వంగి తీయడానికి కూడా తీరిక లేక, ముందు బొమ్మ తీసుకున్నాడు.

ఇది చెప్పాలా? చెబితే ఏ ఉపవాసమూ దాన్ని కడగదు. ఆ ఊళ్లో మహాదేవమ్మకు ఇక ఏ పంక్తిలోనూ చోటుండదు. చెప్పకపోతే మళ్లీ అబద్ధం. ఇప్పుడే కదా ఒకటి కక్కాడు!

“నా చేతిల ఉండె అప్పా.”

భాగీరథి. అంతసేపూ తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల వెలుతురులోకి వచ్చింది. తల్లి బొమ్మ అంచు ఆమె మొహం మీద పడి, ఒక చెంప రంగురంగులుగా కనబడింది.

“అవ్వ తీసి నా చేతిల వెట్టింది. రెండు చేతులు జోడిచ్చి పట్టుకున్న. ఫోటో అయ్యేదాంక పక్కనే నిలవడ్డ. కింద వెట్టలే.”

మహాదేవమ్మ దిగ్గున తలెత్తింది. ఇది అబద్ధమని జగన్‌మోహన్‌కు తెలుసు. ఆ మధ్యాహ్నం ఆ వాకిట్లో కట్టేసిన దూడ తప్ప మరో ప్రాణి లేదు. “పిల్లలు లేరా అమ్మా?” అని తానే అడిగితే, “బిడ్డ చిరాగ్‌పల్లిల మేనత్త కాడున్నది,” అని ఆమె చెప్పింది. ఎండాకాలమంతా ఇక్కడికీ అక్కడికీ తిరిగే పిల్ల ఏ రోజు ఎక్కడుందో సంతకు పోయిన తండ్రికేం గుర్తుంటుంది?

“సారు చూసిండు,” అంది భాగీరథి. ఆయన వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు. బతిమాలడం లేదు. మొన్నటి క్లాసులో నవ్విన నవ్వుకు బాకీ అడుగుతున్నట్టుగా కూడా లేదు. లెక్చరరు తెలిసిన సంగతే చెప్పాలని ఎదురుచూసే విద్యార్థిలా ఉంది. “నేను పక్కకే ఉంటి కదా సార్?”

సిద్దప్ప బెంచీ మీది నుంచి లేచాడు. మొహంలో మళ్లీ వెలుగు వస్తోంది. ఒక చేత్తో గుండెల మీది లింగకాయ పట్టుకున్నాడు, రెండో చేత్తో జగన్‌మోహన్ చెయ్యి.

“గిప్పుడే మీరు తప్పు ఒప్పుకున్నరు. గిట్ల ఒప్పుకున్న మనిషి మళ్ల అబద్ధమాడడు. మీరు అవునంటే చాలు సార్. సోమారం పొద్దుగాల నేను గీ లింగం మీద ఒట్టు వెడ్త. చెప్పున్రి, నా బిడ్డ చేతిలనే ఉండెనా?”

పని అయిపోయిందనుకున్న ఇస్సాకు కిటికీ మీది గొంగడి ఒకటి తీశాడు. మధ్యాహ్నపు ఎండ గదిలోకి పడి గోడ మీది బొమ్మ వెలిసిపోయింది. ఆ వెలుతురులో ముగ్గురూ జగన్‌మోహన్ నోటి వైపే చూస్తున్నారు.